శిలువ గాటు రూపాయి

ఆ రోజు పొద్దున ప్రొద్దుటూరుకి మూడు బాంబుల మోత వినిపించింది. మూడూ పెన్న అవతల ఎక్కడో పేలాయి. వాకిట్లో ముగ్గు పెడుతున్న కామాక్షమ్మ తలెత్తి విని, మళ్ళీ వంగి ముగ్గు పూర్తి చేసింది. ఎన్నికలు అయిపోయి రెండు నెలలు కావస్తున్నా కొట్టుకోవడం ఆగలేదు. జనం కూడా కుక్కరు విజిళ్ళు లెక్కపెట్టినట్టు బాంబులు లెక్కపెట్టి, మూడే కదా అనుకుని కాఫీ తాగడం నేర్చుకున్నారు. ఇంతకంటే సిగ్గుమాలిన బతుకు ఇంకొకటి ఉంటుందా?

"యాపక్కనే?" అని లోపల్నుంచి సుబ్బరాయుడు అడిగాడు.

"జమ్మలమడుగు దిక్కనుకుంటా. నువ్వు కాఫీ తాగయ్యా, చల్లారిపోతాంది."

సుబ్బరాయుడిది వెండి అంగడి. ఇంటి ముందుగదే అంగడి, వెనక మూడు గదులు ఇల్లు. వెండి అమ్మేవాళ్ళు ఆ బజారులో ఇరవై మంది ఉన్నారు గానీ, పాత రూపాయి చేతికిచ్చి దీని సంగతేంటో చెప్పమంటే చెప్పగలిగినవాడు ఆయనొక్కడే. ఎంత అరిగింది, ఎవరైనా తోమారా, ఏ గ్రేడు కింద పోతుంది అన్నది భూతద్దం కింద పెట్టి నిజం చెప్పేవాడు. తన సరుకైనా సరే, తోమిన రూపాయిని తోమిందనే చెప్పేవాడు. ఆ పేరు కోసమే పులివెందుల నుంచి, ముద్దనూరు నుంచి కూడా జనం బస్సెక్కి వచ్చేవాళ్ళు.

ఆయన ఒక్కగానొక్క కొడుకు గురుప్రసాద్‌కి ఇరవై ఎనిమిదేళ్ళు. చేతిలో విద్య ఉంది, నాయన పక్కన కూర్చుని నేర్చుకున్నదే. ఉండి ఏం లాభం? రెండేళ్ళుగా ఖద్దరు చొక్కా తొడుక్కుని, అందరూ 'అన్న' అని పిలిచే ఒక నాయకుడి వెనక తిరుగుతున్నాడు. కోమటి పిల్లవాడికి కొడవళ్ళ వాళ్ళతో ఏం పని అని ఊరంతా అడిగింది. వాడికి జీపులో ముందు సీటు దొరికింది, అంతే.

ఏడున్నరకి సంతోషమ్మ వచ్చి గడప దగ్గర నిలబడింది. మిషన్ కాంపౌండు బడిలో టీచరు. రోజూ బడికి పోయేముందు ఇలా వస్తోంది. ఆమె భర్త తిమోతి అద్దె జీపు డ్రైవరు. ఎన్నికల్లో గురుప్రసాద్ వాళ్ళకే జీపు తోలాడు. ఆ తర్వాత ఒకనాడు పొద్దున ఇంట్లోంచి పోయినవాడు మళ్ళీ రాలేదు.

"ముప్పై ఆరు దినాలాయ ప్రసాదూ. ఏమన్నా తెలిసిందా?"

గురుప్రసాద్ తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూనే ఉన్నాడు. ఎంతసేపటికీ ఆ తువ్వాలు కిందికి దిగలేదు.

"చెప్పినా కదక్కా. బెంగళూరు బస్సు ఎక్కేది నా కండ్లతో చూసినా. వస్తాడులే."

"మా వీధిలో ఎవతినో ఎత్తుకోని పాయె అంటాండారు. పాస్టరయ్య రాత్రి ఇంటికొచ్చి అడిగినాడు. క్షేమంగా రావాలని ప్రార్థన పెట్టాల్నా, ఆదరణ కూడిక పెట్టాల్నా అని. పోయినోళ్ళ ఇంట్లో పెట్టేది కదా ఆదరణ కూడిక? నేనేం చెప్పేది? మొగుడు ఉండాడో ల్యాడో తెలియని ఆడదానికి ఏ ప్రార్థన చెయ్యాలో కూడా తెల్దు."

కామాక్షమ్మ కాఫీ ఇస్తే ఆమె వద్దని పోయింది. "పాపం, దాని గోస చూడలేకపోతాండా" అంది కామాక్షమ్మ. గురుప్రసాద్ టిఫిన్ కూడా తినకుండా బయటికి పోయాడు.

పదకొండు గంటలకి పులివెందుల నుంచి నూర్ అహ్మద్ దిగాడు. గడియారాలు బాగుచేసే మనిషి. నాలుగు దుడ్లు మిగిలితే పాత నాణెం కొనకుండా నిద్రపట్టదు. జేబురుమాలు విప్పి బల్ల మీద పెట్టాడు.

"శెట్టప్పా, రాణి రూపాయి. పద్దెనిమిది వందల అరవై రెండు. జమ్మలమడుగులో కంసలాయన కాడ తీసుకున్యా. ఎవరో అమ్మిపెట్టమని ఇచ్చినారంట. గ్రేడు ఏందో చెప్పు."

సుబ్బరాయుడు రూపాయిని అంచు పట్టుకుని ఎత్తాడు. ముఖం మీద వేలు పెట్టడం ఆయన దృష్టిలో పాపం. ముందు చిన్న తక్కెడలో వేశాడు.

"సరిగ్గా తులం. అదే అనుమానంగా ఉండాది. నూరేండ్లు చేతులు మారిన రూపాయి రవ్వన్నా తగ్గాల. తగ్గల్యా అంటే యాడో టంకం ఉండాది."

తర్వాత భూతద్దం తీశాడు. నూర్ అహ్మద్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఈ ఘట్టం కోసమే అతను బస్సు ఎక్కేది.

"ముఖంలో ఎత్తుగా ఉండేది చూడాల, అరిగేది ఆడనే. చెవి మీద ఎంటికలు ఇంకా విడివిడిగా కనపడతాండాయి. కిరీటం బాగుండాది. ముఖం వరకైతే మంచి గ్రేడు. ఇంగ పైఅంచు చూడప్పా. చుట్టూ గీట్లు ఉండాయి, ఈడ మాత్రం ల్యావు. ఈడ రింగు ఉండె, మెడలో ఏసుకున్న రూపాయి ఇది. రింగు తీసి ఆకురాయితో గీకినారు."

"గీకితే రేటు తగ్గుతాది కదా?"

"శానా తగ్గుతాది. అంతేకాదు. పాత నలుపు పల్లాల్లో ఎక్కువ, మిట్టల మీద తక్కువ ఉండాల. ఇది అంతా ఒకే తీరుగా ఉండాది. ఆ ఆకురాయి గీతల మీద కూడా నలుపెక్కింది. నిన్నగాక మొన్న గీకిన గీతలకు నూరేండ్ల నలుపు యాడ్నుంచి వస్తాది? తోమి, మల్ల నలుపు ఎక్కించినారు. ఎవరో పని తెలిసినోడే."

అలా అంటూనే రూపాయిని వెలుతురుకి తిప్పాడు. రాణి మెడ వెనక ఖాళీలో, గోరంత శిలువ గాటు. ఆయన చెయ్యి ఆగిపోయింది.

ఆ గాటు ఆయనకు తెలుసు. మూడేళ్ళ కిందట తిమోతి ఈ రూపాయినే మెడలో తాడుతో సహా తెచ్చి చూపించాడు. వాళ్ళ ముత్తవ్వ మిషన్ ఆసుపత్రి కట్టేటప్పుడు రాళ్ళు మోసి సంపాదించిన మొదటి రూపాయి అది. బాప్తిస్మం తీసుకున్న రోజు సూదితో శిలువ గీసుకుందట. "అమ్మేదానికి కాదు శెట్టప్పా, ఎట్లాంటిదో తెలుసుకుందామని" అన్నాడు తిమోతి. సుబ్బరాయుడు మురిసిపోయి, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది దాని అచ్చు తన నోటుపుస్తకంలో ఉంచుకున్నాడు.

మెడలో తాడు తెగకుండా ఈ రూపాయి బయటికి రాదు. తాడు తెంచుకుని బెంగళూరు బస్సెక్కే మనిషి కాదు తిమోతి.

అప్పుడు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంగువ వాసన వచ్చింది. చాలా సన్నగా, కానీ ఇంగువే.

తోమేసిన వెండికి మళ్ళీ రంగు రావాలంటే గంధకం తగలాలి, దానికి ఒక్కొక్కరిది ఒక్కో కిటుకు. గుడ్లు ఉడికించి పక్కన పెట్టేవాళ్ళున్నారు. గుడ్డు గడప తొక్కని ఇల్లు సుబ్బరాయుడిది. అందుకని ఆయన కాగితంలో చుట్టి ఇంగువ డబ్బాలో నెలరోజులు ఉంచేవాడు. ఈ కిటుకు ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. ఒకరు తను. రెండోవాడికి పదిహేనో ఏట ఈ బల్ల దగ్గరే తనే నేర్పాడు.

"శెట్టప్పా, ఒంట్లో బాగల్యాదా? చెమట పట్టింది."

"నూర్ అహ్మదూ, దీన్ని ఈ పొద్దుకి నా కాడ ఇడ్సిపో. ఎందుకని అడగాకు."

నూర్ అహ్మద్ ఆయన ముఖం చూశాడు. రుమాలు మడిచి జేబులో పెట్టుకుని పోయాడు.

మధ్యాహ్నం గురుప్రసాద్ అన్నానికి వచ్చేసరికి సుబ్బరాయుడు అంగడి తలుపులు వేసి బల్ల ముందు కూర్చున్నాడు. రూపాయి మీద గుడ్డ కప్పి ఉంది.

"రా, కూర్చో. ఒక రూపాయి వచ్చింది. నా కండ్లు సరిగా ఆనడంల్యా. నువ్వు చూసి చెప్పు."

కొడుకు భూతద్దం అందుకుని గుడ్డ తీశాడు. పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు.

"రాణి రూపాయి. అరవై రెండు. ఎంటికలు బాగుండాయి. రంగు... రంగు సహజంగానే ఉండాది. మంచి గ్రేడే నాయనా."

"అంచు?"

"బాగుండాది."

"మెడ ఎనక?"

కొడుకు భూతద్దం కింద పెట్టాడు.

"వాసన చూడు" అన్నాడు సుబ్బరాయుడు. "చూడ్రా. మీయమ్మ పప్పులో ఏసేదే."

అన్నం వడ్డించానని పిలవడానికి వచ్చిన కామాక్షమ్మ ఆ మాట విని నవ్వబోయింది. "ఇంగువంటే జ్ఞాపకమొచ్చింది. పోయిన నెలంతా డబ్బాలో ఏందో పొట్లం ఉండె. నువ్వే పెట్టింటావని కదిలించల్యా." అని, ఇద్దరి ముఖాలు చూసి ఆగిపోయింది. "ఏందయ్యా? ఏమైంది?"

సుబ్బరాయుడు నోటుపుస్తకం తెరిచి పెన్సిలు అచ్చు పక్కన రూపాయిని పెట్టాడు. అచ్చులో శిలువ, రూపాయి మీద శిలువ.

"ఇది తిమోతిది. వాని మెడలోది. మన ఇంగువ డబ్బాలోకి ఎట్ల వచ్చిందో నీ కొడుకును అడుగు."

"నాకేం తెల్దు నాయనా, ఎవరో..."

మాట పూర్తి కాలేదు. సుబ్బరాయుడు తక్కెడ ఇత్తడి కాడ పట్టుకుని కొడుకు చెంప మీద కొట్టాడు. జీవితంలో వాడి మీద చెయ్యెత్తని మనిషి. రెండో దెబ్బకి పెదవి చీలింది. మూడోసారి ఎత్తగానే గురుప్రసాద్ ఆ చెయ్యి పట్టుకుని తోశాడు. ముసలాయన వెనక్కి పోయి ఇనప్పెట్టె మూలకి గుద్దుకున్నాడు. కనుబొమ్మ పగిలి నెత్తురు చొక్కా మీదికి కారింది. తక్కెడ గిన్నెలు నేల మీద దొర్లిపోయాయి.

తండ్రి నెత్తురు చూశాక వాడు అక్కడే చతికిలబడి చెప్పేశాడు.

"పోలింగు రోజు మావాళ్ళు ఒక మనిషిని నరికేది తిమోతి చూసినాడు. కోర్టులో చెప్తా అన్యాడు. ఆ మాట నేనే అన్న చెవిలో ఏసినా. ఊరికే బెదిరిచ్చి ఇడ్సిపెడతాం, నువ్వు పిలిస్తే వస్తాడు, పిల్చుకోని రా అన్యారు. పోయి పిల్చినా. టీ తాగుతాండె, సగం గ్లాసు ఆడనే పెట్టి వచ్చినాడు."

"యాడికి?"

"ముద్దనూరు దావలో పాత నాపరాయి గని కాడికి. నలుగురు కాసుకోనుండిరి. కొడవండ్లు. మొదటి ఏటు భుజం మీద పడింది. వాడు నా దిక్కే చూసి చిన్నశెట్టీ, చిన్నశెట్టీ అన్యాడు. నేను జీపులోంచి దిగల్యా. పాక్కుంటా జీపు కాడికొచ్చి, తాడు తెంపి దీన్ని నా చేతిలో పెట్టినాడు. మా సంతోషికియ్యి అన్యాడు. ఆడనే మల్ల నరికినారు నాయనా. నా కాలు మీద పడింది నెత్తురు. బండల కింద పూడ్చిపెట్టినారు."

కామాక్షమ్మ గోడకి ఆనుకుంది. సుబ్బరాయుడు కంటి మీద నెత్తురు తుడుచుకోకుండానే అడిగాడు.

"ఇయ్యమన్నది ఇయ్యకపోతివి. పెన్నలో పారేయకపోతివా?"

"పోయినా. మూడుసార్లు పోయినా బ్రిడ్జి మీదికి. చెయ్యి రాల్యా నాయనా. లక్ష్మి కదా, రూపాయిని నీళ్ళలో ఎట్ల పారేసేది? నెత్తురు ఉండె. చింతపండు పెట్టి తోమినా. తోమినాక తెల్లగా అయిపాయ, గ్రేడు పోతాదని ఇంగువలో పెట్టినా. మొన్న జమ్మలమడుగు కంసలాయన కాడ అమ్మేదానికి ఇచ్చినా."

"ఆ శిలువ?"

"ముఖం మీద ఆకురాయి పెట్టకూడదని నువ్వే చెప్పినావు కదా."

సుబ్బరాయుడు ఎంత చక్కగా నేర్పాడు. మనిషిని నరుకుతుంటే జీపు దిగనివాడు, రూపాయి ముఖం చెడకుండా మాత్రం చూసుకున్నాడు. ఆ పాఠం చెప్పిన నోరు తనదే.

కామాక్షమ్మ కదిలింది. కొడుకు కాలరు పట్టుకుని లేపి కొట్టడం మొదలుపెట్టింది. చెంపలు, తల, వీపు, ఎక్కడ దొరికితే అక్కడ. గాజులు పగిలి ఆమె చేతులే కోసుకుపోయాయి. అయినా ఆపలేదు.

"ముప్పై ఆరు దినాలు నా గడపలో నిలబడి అడిగె కదరా. బస్సు ఎక్కినాడు అంటివి. అక్కా అని పిలిచి చెప్తివి."

"చెప్తే నన్ను కూడా నరుకుతారమ్మా."

"నరకనీ. నేను ఏడ్చేదానికి నీ పీనుగన్నా ఉంటాది. ఆ బిడ్డకు అది కూడా ల్యా."

వాడు తల్లి వైపు చూశాడు. ఎవరేమన్నా తన తరఫున మాట్లాడే మనిషి ఆమె. ఆ నోట్లోంచి ఆ మాట వచ్చాక ఇక దాక్కోవడానికి ఇంట్లో చోటు లేదని అర్థమైంది. లేచి చెప్పులు వేసుకున్నాడు.

సాయంత్రం నాలుగున్నరకి ముగ్గురూ మిషన్ కాంపౌండుకి నడిచారు. సుబ్బరాయుడి తలకి కట్టు, కామాక్షమ్మ చేతులకి పసుపు, గురుప్రసాద్ ముఖం వాచిపోయి ఉంది. వీధిలో జనం ఇళ్ళలోంచి బయటికి వచ్చి చూశారు. సంతోషమ్మ బడి నుంచి వచ్చి, వాకిట్లో పొయ్యికి కట్టెలు చీలుస్తోంది.

సుబ్బరాయుడు ఆమె అరచేతిలో రూపాయి పెట్టాడు. ఆమె చూడలేదు. బొటనవేలితో తడిమింది. వేలు శిలువ గాటు దగ్గర ఆగింది.

"రింగు తీసినారు, తోమినారు, దొంగ రంగు పూసినారు తల్లీ. ఇది పాడైంది మా ఇంట్లోనే" అన్నాడు సుబ్బరాయుడు.

"దీని తాడు యాది?" అని అడిగింది సంతోషమ్మ.

గురుప్రసాద్ చెప్పాడు. ఈసారి ఏదీ దాచలేదు. తను కబురు మోసింది, తను పిలిచింది, జీపు దిగనిది, బస్సు అబద్ధం, అన్నీ వరసగా చెప్పాడు.

చీల్చిన కట్టె ఒకటి ఆమె చేతిలోనే ఉంది. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండో దెబ్బకి చెవి చీలింది. వాడు చేతులు అడ్డం పెట్టుకోలేదు. కట్టె విరిగితే ఇంకోటి తీసుకుంది. అది నుదుటి మీద తగిలి వాడు మోకాళ్ళ మీద పడిపోయాడు. వీధి వీధంతా చూస్తోంది, ఎవరూ అడ్డం పోలేదు. కామాక్షమ్మ ఒక్క అడుగు ముందుకు వేసింది. వేసి, గుంజ పట్టుకుని ఆగిపోయింది. కన్నతల్లికి అంతకంటే కష్టమైన పని ఇంకొకటి ఉండదు.

చివరికి సంతోషమ్మే కట్టె పారేసి నేల మీద కూలబడింది.

"రూపాయి ఇచ్చేటప్పుడు ఏమన్యాడు? మల్ల చెప్పు."

"మా సంతోషికియ్యి అన్యాడు."

"సంతోషి అన్యాడా?"

"అవునక్కా."

ఆమె రూపాయిని గుండెకి అదుముకుంది. "నలుగుర్లో టీచరమ్మ అంటాడు. ఇంట్లో మాత్రమే సంతోషి అంటాడు" అని, లేచి వీధి వైపు తిరిగింది. ముప్పై ఆరు రోజులుగా తన వెనక గుసగుసలాడిన ఇళ్ళవి. "వింటాండారా? నా మొగుడు పారిపోల్యా. నా పేరు చెప్పి సచ్చిపాయ" అంది. అప్పుడు ఏడ్చింది. కామాక్షమ్మ పోయి పట్టుకుంటే విదిలించి కొట్టింది. మళ్ళీ పట్టుకుంటే ఈసారి విదిలించలేదు.

చీకటి పడకముందే పాస్టరయ్య వచ్చాడు. "ఆదరణ కూడిక పెట్టయ్యా" అని చెప్పింది సంతోషమ్మ.

మరునాడు పొద్దున్నే గురుప్రసాద్ మేజిస్ట్రేటు ముందు నిలబడి వాంగ్మూలం ఇచ్చాడు. రూపాయి ఎక్కడ కొన్నాడో నూర్ అహ్మద్ కూడా వచ్చి చెప్పాడు. గనిలో బండలు లేపితే తిమోతి దొరికాడు. ఆ వారంలోనే సుబ్బరాయుడి అంగడి మీద రెండు బాంబులు పడ్డాయి. అద్దాల బీరువాలు తునకలైపోయాయి, ముసలాయనకి ఎడమచెవి పూర్తిగా పోయింది. అయినా కేసు నుంచి తండ్రీ కొడుకుల్లో ఏ ఒక్కరూ వెనక్కి తగ్గలేదు. నరికిన నలుగురికీ, నరకమన్నవాడికీ శిక్షలు పడ్డాయి. పిలుచుకుపోయి, శవాన్ని దాచినందుకు గురుప్రసాద్‌కి కూడా ఏడేళ్ళు పడింది. తండ్రి నెలనెలా కడప జైలుకి పోయి చూసి వచ్చేవాడు. నాణేల మాట ఇద్దరూ ఎత్తేవాళ్ళు కాదు.

సాక్ష్యంగా పోయిన రూపాయి కోర్టు నుంచి బయటికి రావడానికి నాలుగేళ్ళు పట్టింది. వచ్చిన రోజే సంతోషమ్మ దాన్ని తీసుకుని సుబ్బరాయుడి ఇంటికి వచ్చింది. ఆ గడపలో ఆమె అడుగుపెట్టి నాలుగేళ్ళయింది.

"రింగు మల్ల అతికియ్యి శెట్టప్పా. మెడలో ఏసుకోవాల."

ఆయనకి కుడిచెవి వైపు వచ్చి ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది. రింగు అతికిన రూపాయంటే ఒకప్పుడు ముఖం చిట్లించే మనిషి, ఊపిరి బిగబట్టి టంకం పెట్టాడు. ఆమె ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"ఇంకా వాసన ఉండాది."

"ఒంటి మీద ఉంటే పోతాదమ్మా. చెమటకు పోతాది. కొన్ని నెలలు పడుతుంది."

లోపలి గుమ్మంలో కామాక్షమ్మ నిలబడి ఉంది. ఆ రోజు ఇంగువ డబ్బా దిబ్బలో పారేసిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో పప్పుకి ఇంగువ లేదు. ముందుకు రావాలా వద్దా అని తెలియక చీర చెంగు వేలికి చుట్టుకుంటోంది.

"కామాక్షమ్మా" అంది సంతోషమ్మ. "నాలుగేండ్లు ప్రార్థనలో నీ పేరు చెప్పినా, శెట్టప్ప పేరు చెప్పినా. వాని పేరు చెప్పల్యా. చెప్పేదానికి నోరు రాల్యా. పోయిన ఆదివారం మీ పేర్ల ఎనకాలే వాని పేరు కూడా వచ్చింది. నేను ఆపల్యా."

కామాక్షమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. సంతోషమ్మ తాడులో రూపాయి ఎక్కించి, రెండు కొసలూ ఆమె చేతికి ఇచ్చి వెనక్కి తిరిగింది.

"నాకు అందదు. నువ్వు కట్టు."

పాత గాజుపెంకుల మచ్చలున్న చేతులతో కామాక్షమ్మ ఆ తాడు ముడి వేసింది. ఊడిపోకుండా ఇంకో ముడి కూడా వేసింది.